మూడుసార్లు వచ్చిన ఎర్ర కారు

2023 జూలై. పాల్వంచలో బొగ్గు టిప్పర్లు తిరిగే మెయిన్ రోడ్డు పక్కనే నా కార్ల షెడ్డు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇంజను చప్పుడు వింటే చాలు, జబ్బు చెప్పేస్తానని నలుగురిలో కాస్త గొప్పలు పోయేవాణ్ని. ఆ నెలతో అది తగ్గింది.

వచ్చింది ఎర్ర రంగు టర్బో పెట్రోలు కారు. టర్బో అంటే పెద్ద వింతేం కాదు. ఇంజను బయటికి వదిలే పొగ జోరుకే ఒక చిన్న ఫ్యాను తిరిగి, బయటి గాలిని ఒత్తి ఇంజన్లోకి తోస్తుంది. ఆ ఒత్తిడిని మేం బూస్ట్ అంటాం. గాలి ఎంత ఎక్కువ వెళ్తే బండి అంత ఎగురుతుంది.

కారు యజమాని సరిత, థర్మల్ స్టేషన్లో షిఫ్ట్ ఇంజనీరు. వాళ్లది జూలూరుపాడు దగ్గర తండా. తండాలో ట్రాక్టర్లు చాలానే ఉన్నాయి కానీ ఇలాంటి కారు ఆమెదే మొదటిది. దాన్ని చూసుకునే తీరులోనే ఆ మురిపెం తెలిసేది.

"అన్నా, ఊళ్లె మంచిగనే పోతది. రోడ్డెక్కి గట్టిగ తొక్కితే మాత్రం జర లేచి, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగుతది. నెల రోజుల సంది గిట్లనే."

"దారిలో ఎక్కడన్న ఇబ్బందయిందా?"

"అయింది. మణుగూరు రోడ్డు మీద టిప్పర్‌ను దాటుతుంటే పవర్ పోయింది. ఎదురుంగ బస్సు. బ్రేక్ కొట్టి మళ్ల టిప్పర్ ఎన్కకే వచ్చిన. మా యాడికి తెలిసి, కారు అమ్మెయ్యమని ఒక్కటే పోరు."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. సరిత నవ్వుతూనే చెప్పింది.

బానెట్ లేపాను. లాక్ పక్కన పసుపు గుడ్డతో కట్టిన ముడుపు ఉంది. మా వైపు చాలా బండ్లకు నిమ్మకాయో, నల్ల తాడో, ముడుపో ఏదో ఒకటి ఉంటుంది. నాకు పని నేర్పిన గురువు చెప్పిన పద్ధతి ఒకటుంది. నూనె చేతులు తగలకముందే దాన్ని విప్పి, కళ్లకద్దుకుని, శుభ్రమైన చోట పెట్టాలి. పనంతా అయ్యాక, బండి అప్పగించేముందు మళ్లీ అక్కడే కట్టాలి. నేనెప్పుడూ తప్పలేదు. ఆ రోజూ అలాగే చేశాను.

స్కానర్ పెడితే 'అండర్ బూస్ట్' అని కోడ్ వచ్చింది. అంటే ఇంజను అడిగినంత ఒత్తిడి అందలేదని. గాలి గొట్టాల్లోకి పొగ పంపి లీకు వెతికే స్మోక్ టెస్ట్ చేశాను. ఒక క్లాంపు కాస్త వదులుగా ఉంటే బిగించాను. కిన్నెరసాని రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేస్తే బండి బాణంలా పోయింది. ముడుపు కట్టి, మీసం దువ్వుకుంటూ అప్పగించాను.

నాలుగో రోజుకల్లా తిరిగొచ్చింది.

ఈసారి వేస్ట్ గేట్ మీద పడ్డాను. ఒత్తిడి ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించే చిన్న తలుపు అది. దాన్ని శుభ్రం చేసి, దాని గొట్టం మార్చాను. మళ్లీ టెస్ట్ డ్రైవ్, మళ్లీ బాణమే. మళ్లీ ముడుపు కట్టి పంపాను.

మూడోసారి సరితతో పాటు వాళ్లమ్మ చాందీ కూడా దిగింది. మాట సూటిగా ఉంది.

"ఇగ చాలు తమ్మీ. ఐతారం నాడు కారు చూడనీకి ఒకాయన వస్తుండు. అమ్మేస్తం."

సరిత చున్నీ కొసతో సైడు అద్దం తుడుస్తూ నిలబడింది. నాకు తల తీసేసినట్టయింది.

"ఒక్కసారి ఆగు అక్కా. ఈసారి నేను బానెట్ ముట్ట. సరితా, నువ్వే నడుపు, నేను పక్కన కూసుంట."

చాందీ వెనక సీట్లో కూర్చుంది. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని బూస్ట్ అంకె చూస్తున్నాను. సరిత గట్టిగా తొక్కగానే అంకె లేచింది, అంతలోనే కూలింది. బండి పక్కకు ఆపించి బానెట్ లేపాను. గొట్టాలన్నీ తడిమాను. ఎక్కడా తేడా లేదు. బానెట్ మూసి, "మళ్ల పోనీ" అన్నాను.

ఈసారి కారు మమ్మల్ని సీట్లకు అదిమిపెట్టి మరీ లేచింది.

"ఏం జేసినవన్నా?" అంది సరిత.

"ఏం చెయ్యలే."

నేను బానెట్ లేపినప్పుడు దిగి చూసిన చాందీ వెనక నుంచి అంది: "నా ముడుపు జేబుల ఏసుకున్నవు. మళ్ల కట్టవా?"

చెయ్యి జేబులోకి పోయింది. నాకు తెలియకుండానే విప్పి, కళ్లకద్దుకుని, జేబులో పెట్టుకున్నాను. తీసి చూస్తే ముడి కింద జానెడు కొస వేలాడుతోంది. ఆ పసుపు గుడ్డ మీద దుమ్ముతో కోలగా ఒక అచ్చు. లాక్ పక్కనే ఉండే, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి కొలతకు అది సరిగ్గా సరిపోయింది. గట్టిగా తొక్కితే ఇంజను ఆ కొసను పీల్చుకుని తన నోరు తానే మూసుకుంటోంది. కాలు తీస్తే గుడ్డ జారిపోతోంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, జబ్బును విప్పి పక్కన పెట్టి కారును పరీక్ష చేసిందీ నేనే, రెండుసార్లు మళ్లీ కట్టి పంపిందీ నేనే.

"ఇది ఎప్పుడు కట్టినవ్ అక్కా?"

"నెల కింద. బిడ్డ నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నప్పుడు పక్కింటి పిలగానితో కారు ముందు డబ్బా తెరిపించి కట్టిన."

విషయం ఎలా చెప్పాలో తెలియక, ఆ అచ్చు చూపించాను. చాందీ గుడ్డను చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత కిసుక్కున నవ్వింది.

"బిడ్డ జోరుగ పోవద్దనే గద మొక్కి కట్టిన. అది దాని పని అది జేసింది."

ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. నవ్వు తగ్గాక సరిత మెల్లగా అంది: "యాడీ, ఆనాడు టిప్పర్ పక్కన ఆగింది గిందుకే."

చాందీ ముఖం మారిపోయింది. గుడ్డను గట్టిగా గుప్పిట్లో పట్టుకుంది. కాసేపటికి దిగి ముందు సీటు దగ్గరికి వచ్చి, నన్ను వెనక్కి పొమ్మంది. ముడుపును కళ్లకద్దుకుని డ్యాష్‌బోర్డు అరలో పెట్టి మూసింది.

తిరిగొచ్చే దారిలో మా ముందు ఒక టిప్పర్ పోతోంది. ఎదురుగా రోడ్డు ఖాళీగానే ఉన్నా సరిత కాలు వెనకాడుతోంది. చాందీ రెండుసార్లు దగ్గింది.

"ఎంతసేపు దీని దుమ్ము మింగుతం? తొక్కు బిడ్డా."

సరిత తొక్కింది. టిప్పర్ అద్దంలో చిన్నదైపోయింది. షెడ్డు చేరకముందే చాందీ ఫోన్ చేసి ఆదివారం కారు చూడటానికి వచ్చే మనిషిని రావద్దని చెప్పింది.

గురువు నేర్పిన పద్ధతిలో నేను ఒక్కటే మార్చుకున్నాను. ముడుపును ఇప్పటికీ కళ్లకద్దుకునే విప్పుతాను. కానీ విప్పకముందు కస్టమర్ పక్కన కూర్చుని ఒక చుట్టు తిరుగుతాను, మళ్లీ కట్టాకే టెస్ట్ డ్రైవ్‌కు పోతాను. బండి జబ్బు దాని యజమాని నడిపినప్పుడు ఎలా ఉందో అలాగే చూడాలి. అయినా దొరక్కపోతే స్కానర్ కన్నా ముందు నా జేబు తడుముకుంటాను.