అద్దం లోపలి ముల్లు

మా అమ్మ సూదులన్నీ ఒక పాత పౌడరు డబ్బాలో ఉండేవి. రవికెలకు సన్నవి, బొంతలకు పొడుగువి, శ్రీనివాసపురం నుంచి మామిడికాయలు వచ్చే గోనెసంచుల మూతులు కుట్టడానికి దబ్బనం ఒకటి. అరికాల్లో ముల్లు దిగితే తీయడానికి, దీపం మీద కాల్చిన సూది వేరే ఉండేది. దాన్ని బట్టకు వాడామో, వీపు విమానం మోత మోగేది. ఇక ఆసుపత్రి సూది ఉంది చూడండి, దానికి మా మామ ఒక్కడే సాక్షి. మామ అంటే అమ్మకు తమ్ముడు. రోజూ గనిలోకి దిగి, చీకట్లో రాయి తొలిచే మొండి మనిషి. సూది మందు అనగానే మంచం కిందికి దూరేవాడు. నేను నవ్వితే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

ఇన్ని సూదులున్న ఇంట్లో దారం ఎక్కించే పని మాత్రం నాయనది. మా ఇంట్లోనే కాదు, మా లైన్లో, అంటే గని కూలీల ఇళ్ళ వరసలో, ఏ ఆడమనిషికి చూపు ఆనకపోయినా సూదీ దారం పట్టుకుని మా వాకిట్లోకే వచ్చేది. ఆయన దారం కొస నాలుకతో తడిపి, ఒక్క విసురులో ఎక్కించి ఇచ్చేవాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి. గని మొత్తం తానే తవ్వినంత గర్వం!

ఆ గర్వానికి కారణం లేకపోలేదు. నాయన గనిలో వైండింగ్ డ్రైవర్. మనుషులను కిందికి దించే ఇనుప పంజరాన్ని మా దగ్గర కేజీ అంటారు. గనిలోకి దిగే నిలువు బావిని షాఫ్ట్ అంటారు, దాని పక్కన ఇంజను గదిలో కూర్చుని ఆ కేజీని దించడం, పైకి తేవడం ఆయన పని. కూర్చున్నచోటికి కేజీ కనిపించదు. కనిపించేదల్లా ఎదురుగా గడియారం లాంటి పెద్ద పలక, దాని అద్దం లోపల తిరిగే ఒక ముల్లు. ముల్లు ఏ గీత మీద ఉంటే కేజీ ఆ లోతులో ఉన్నట్టు. గీత రాగానే ఆపాలి. దాటితే లోపలి మనుషుల గతి ఏమవుతుందో మా లైన్లలో ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు. దొరల కంపెనీ పోయి గని సర్కారు చేతికి వచ్చాక గోడలకు కొత్త రంగులు పడ్డాయి గానీ, ఆ ముల్లు మాత్రం పాతదేనని నాయన మురిపెంగా చెప్పేవాడు. మామ రోజూ దిగేది ఆ కేజీలోనే.

నేను పీయూసీ చదువు అయిపోయి అమ్మతో పాటు కుట్టుపనికి కూర్చున్న ఏడు, నాయన సూదుల మీద వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు దారం నాసిరకం అన్నాడు. ఇంకోరోజు వెలుతురు లేదన్నాడు. అమ్మ మంచి దారం తెప్పించింది, దీపం దగ్గరికి జరిపింది, పెద్ద బెజ్జం ఉన్న సూది ఇచ్చింది. దానికీ ఏదో సాకు. అంతటితో పోతే వయసు అనుకుని ఊరుకునేవాళ్ళమే. కానీ నాయన నీళ్ళు గ్లాసు పక్కన పోస్తున్నాడు. వీధిలో ఎదురొచ్చినవాళ్ళు నోరు తెరిచేదాకా పలకరించడం లేదు. నేను చూసీ చూడనట్టున్నాను. అమ్మ అట్లా ఉండగలిగే మనిషి కాదు. ఒకవైపు మొగుడి ఉద్యోగం, ఒకవైపు తమ్ముడి ప్రాణం. ఆమెకు కూడు సయించలేదు.

ఆ రోజు నాయనకు మధ్యాహ్నం షిఫ్టు. అమ్మ క్యారియరు సర్ది తన ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. నెత్తిన ఎండ మండుతోంది, వెలుతురు లేదనడానికి వీల్లేదు. నాయన చెప్పులు వేసుకుని రాగానే సూదీ, నల్ల దారం చేతిలో పెట్టి, ఎక్కించి పొమ్మంది. టైమవుతోందని ఆయన కసిరాడు. అమ్మ క్యారియరు మీద చేతులు తీయలేదు. అంతలో మామ వచ్చాడు. బావతో కలిసి నడిచి పోవడం ఆయనకు అలవాటు. ఇదేదో సరసం అనుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నాయన ఒకసారి ప్రయత్నించాడు. దారం పక్కకు పోయింది. మళ్ళీ తడిపాడు, మళ్ళీ పోయింది. సూదిని దూరం పెట్టాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. నాకు ఆ సూది లాక్కుని నేనే ఎక్కించి పారేయాలనిపించింది. అప్పుడాయన ఉన్నట్టుండి కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలి గోరుతో సూదిని తడిమి, బెజ్జం దొరకబుచ్చుకుని, దారం మెల్లగా తోశాడు. ఎక్కింది. కళ్ళు తెరిచి, గెలిచినవాడిలా క్యారియరు కోసం చెయ్యి చాచాడు.

మామకు నవ్వు ఆగలేదు. "చూస్తివా అక్కా, కండ్లు మూసుకోని ఎక్కించేసినాడు బావ."

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సూదైతే చేత్తో తడుముకుంటివి," అంది. "ఆడ ముల్లు అద్దం లోపల ఉండాది. దాన్ని యెట్ల తడుముతావు?"

మామ నవ్వు నోట్లోనే ఆగిపోయింది. నాయన అమ్మను చూడలేదు. మామ ఉన్న వైపు తల తిప్పాడు. మామ గోడ విడిచి ముందుకొచ్చాడు.

"నువ్వు కూచోనుండావనే కదా బావా, నేను దిగేది."

నాయన అమ్మ ఒళ్ళోంచి క్యారియరు తీసుకున్నాడు, నడిచాడు. మామ ఎప్పుడూ పక్కన నడిచేవాడు, ఆ రోజు ఒక అడుగు వెనకగా నడిచాడు. అమ్మ పిలవబోయి ఆగిపోయింది. ఏమని పిలుస్తుంది? తమ్ముణ్ణి ఆపితే మొగుడి గుట్టు లైనంతా తెలుస్తుంది. ఆపకపోతే తమ్ముడు ఆ కేజీ ఎక్కుతాడు.

మా వాకిట్లో నుంచి షాఫ్ట్ మీది పెద్ద చక్రం నిండుగా కనిపిస్తుంది. కేజీ కదిలితే అది తిరుగుతుంది. షిఫ్టు కూత వినబడింది. చక్రం తిరగలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆమె గోళ్ళు దిగబడుతున్నా నేను విడిపించుకోలేదు. ఏ రోజూ అది అంతసేపు నిలిచింది లేదు. తర్వాత కదిలింది. ఆ గదిలో ఎవరు కూర్చున్నారో, ఎవరి చేత్తో అది తిరుగుతోందో మాకు తెలియదు. నాకు కోపం వచ్చింది, నాయన మీద, అమ్మ మీద, ఆ దిక్కుమాలిన సూది మీద. చక్రం ఎక్కడ ఉలిక్కిపడి ఆగుతుందోనని రెప్ప వేయడానికి కూడా భయపడ్డాం.

కాసేపటికి రోడ్డు మలుపులో నాయన కనిపించాడు. క్యారియరు పట్టుకుని, నేల చూసుకుంటూ, నింపాదిగా వస్తున్నాడు. అమ్మ ఉన్నచోటే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పైవాళ్ళకు చెప్పేశానని, తన చోట ఇంకొకతను కూర్చున్నాడని, రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మన్నారని పొడిపొడిగా చెప్పాడు. ఉద్యోగం సంగతి మేము అడగలేదు, ఆయన అనలేదు. చక్రం ఉన్న వైపు మొహం పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

"ఏమే," అన్నాడు తర్వాత. "చక్రం తిరుగుతా ఉండాదా?"

అంత పెద్ద చక్రం! పసిపిల్లలకు కూడా కనిపించే చక్రం.

అమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన పక్కన కూర్చుంది.

"తిరుగుతా ఉండాది," అంది. కొంచెం ఆగి, "ఇప్పుడు నిలిచింది," అంది.

"మెల్లగా నిలిచిందా?"

"మెల్లగానే."