చెవులకు కట్టిన గుడ్డ

పోర్టులో క్రేను నడిపే నాగవంశీ కోతల ముందు ఎవరూ నిలవలేరు. తన కొడుకు ఏడుపు విని, పెద్ద ఓడేదో వస్తోందనుకుని హార్బర్లో పడవలన్నీ పక్కకి తప్పుకున్నాయట! డ్యూటీ దిగొచ్చి, పిల్లాడి గుడ్డలు పిండుతూ ఆ కోతలే బాలింతరాలైన భార్య ధనశ్రీకి వినిపిస్తాడు. ఆమె నవ్వదు. గాలి సోకకుండా అత్తగారు ఆమె చెవులకు బిగించి కట్టిన గుడ్డవల్ల వినపడడం లేదనుకుని రోజురోజుకీ గొంతు పెంచాడు. ఇవాళ అత్తగారు బజారుకెళ్లగానే ముడి విప్పేసి మళ్లీ మొదలెట్టాడు.

“ఆపు బావా. అన్నీ ఇనపడతన్నాయి. నవ్వే రావట్లేదు.” పక్కలో గుక్కపట్టిన పిల్లాడి వైపు ఆమె చూడనైనా లేదు. “ఈడు ఏడుత్తన్నా నాకేటీ అనిపించట్లేదు.”

నాగవంశీ తడిచేతులు లుంగీకి తుడుచుకుని పిల్లాణ్ణి భుజానేసుకున్నాడు.

“డాక్టరమ్మ దగ్గిరికెల్దాం. ఆవిడకి నువ్వే సెప్పు. నాను సెప్తే ఎవులూ నమ్మరు.”