గజం రబ్బరు పైపు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, మా ఆస్పత్రి బండి డ్రైవరు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. "సిస్టరమ్మా, మన ఏసీ అన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి జర ఒరిగిండంట, మల్ల లేవలె" అన్నాడు. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకున్నాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళు వార్డుల్లో తిరిగిన దాన్ని, చావు కబురు వింటే ముందు నా కాళ్ళ నొప్పులే గుర్తొస్తాయి. కాసేపయ్యాక ఒక్క సంగతి కలుక్కుమంది. నేను చెప్పవలసిన మాట వినడానికి ఇక మనిషి లేడు.

ఆ మాటేమిటో చెబుతాను, చెప్పడానికే కలం పట్టాను. ముందు ఆయన ఎలాంటివాడో చెప్పనివ్వండి.

మా కంటి ఆస్పత్రికి ఎవరో దాతలు బస్సంత బండి ఒకటి ఇచ్చారు. లోపల ఆపరేషను బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, వెనక గోడకు బెజ్జం కొట్టి బిగించిన ఏసీ. దాని వెంట చిన్న ట్రాలీ మీద జనరేటరు. సంతోష్‌నగర్, కిషన్‌బాగ్, గుడిమల్కాపూర్, ఎక్కడ బడి ఆవరణ దొరికితే అక్కడ క్యాంపు. నేను బండిలో నర్సుని. ఆ ఏసీని బతికించి ఉంచడం ఆయన పని. పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, అందరికీ ఏసీ అన్నే.

తల మీద వెంట్రుక లేదు, చొక్కా జేబులో మాత్రం ఎప్పుడూ దువ్వెన. కొత్తగా చేరిన నర్సులు ఆగలేక అడిగేవాళ్ళు, "ఎవరికి దువ్వుతవన్నా?" అని. "నా రెండో పెండ్లానికమ్మా" అనేవాడు. ఏసీ వెనకవైపు కాగితమంత పలుచని రేకులు బారులు తీరి ఉంటాయి. గతుకుల రోడ్ల మీద అదిరి అవి వంగిపోతాయి, మధ్యలో దుమ్ము పేరుకుంటుంది. ఆయన పొద్దున్నే బండి వెనక స్టూలేసుకుని, పాత షేవింగు బ్రష్షుతో దుమ్ము దులిపి, ఆ రేకుల్ని దువ్వెనతో పైనుంచి కిందికి దువ్వేవాడు. జడ వేసే ఓపిక కావాలి దానికి. మా ఇంట్లో నా కూతురికి నేను అంత ఓపికగా ఎన్నడూ దువ్వలేదు.

ఇంకో పిచ్చి ఉండేది. బండి ఆగగానే స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి లోపల నేల మీద పెట్టేవాడు. నీళ్ళు ఏ పక్కకు ఒరిగితే ఆ పక్క చక్రం కింద రాయి పెట్టించేవాడు. అది కుదిరేదాకా ఏసీ వేయనిచ్చేవాడు కాదు. మేం చెమటలు కక్కుతూ తిట్టుకునేవాళ్ళం. "బండి సీదా లేకుంటే నీళ్ళు లోపలికొస్తయమ్మా, జర సబర్ చెయ్" అనేవాడు. తలుపు ఊరికే తీస్తే కూడా ఊరుకునేవాడు కాదు. "చల్లదనం పోతదని గాదు సిస్టరమ్మా, ఉడుకపోత లోపలికొస్తది. గాలిలున్న తడంత మిషనే తాగాలె. తాగినయి బయటికి పోవాలె. చుక్కలు పడ్డంత సేపు ఫికర్ లేదు. పడుడు బందైతే గప్పుడు ఫికర్ జెయ్యాలె."

ఈ మాట కొన్ని వందల సార్లు విన్నాను. విని ఏం లాభం?

వానాకాలంలో కళ్ళ ఆపరేషన్లు వద్దని పాతకాలం మాట. బండిలో ఏసీ ఉండగా మనకేం భయమని పెద్ద డాక్టరుగారు ఒక ఏడాది తొలకరిలోనే గుడిమల్కాపూర్‌లో క్యాంపు పెట్టించారు. వాన పడి వెలిసింది, ఒకటే ఉక్క. బండి వెనక ఏసీ గొట్టం నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వరసలో కూర్చున్న ముసలివాళ్ళు ఆ నీళ్ళు దోసిట్లో పట్టి కళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టారు. డాక్టర్ల బండిలోంచి వచ్చే చల్లటి నీళ్ళు కదా, మందే అనుకున్నారు. పూలదండలు కట్టే అవ్వ ఒకామె నాకే చెప్పింది, "చల్లగ మంచిగున్నయి బిడ్డా, మంట తగ్గింది" అని. ఇంకో గంటలో ఆమెకు ఆపరేషను.

అరిచాను, బతిమాలాను. నేను అటు తిరగగానే మళ్ళీ దోసిళ్ళు పట్టారు. ఏసీ అన్న డీజిలు తేవడానికి పోయాడు. విసుగొచ్చి, కట్లు కట్టే గాజుగుడ్డ నాలుగు మడతలు పెట్టి, చుట్ట చుట్టి, ఆ గొట్టంలో కూరేశాను. అన్న వచ్చాక చెబుదామనుకున్నాను. లోపలికి పిలిచారు. పోయాను. మరిచిపోయాను.

మూడో ఆపరేషను కుట్లు పడుతుండగా ఏసీలోంచి నీళ్ళు నేల మీదికి దూకాయి. చిటపటమని చప్పుడు, పొగ, కాలిన వాసన. బల్ల మీదున్న మనిషికి దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. మిగిలిన వాళ్ళనందరినీ వచ్చే నెల రమ్మని పంపేశాం. ఆ పూలదండల అవ్వ మళ్ళీ రాలేదు. ఆమె చీర రంగు ఇప్పటికీ నాకు గుర్తుంది.

అప్పుడే వచ్చిన ఏసీ అన్న డీజిలు డబ్బా దించి బండి వెనక్కి పరిగెత్తాడు. తీగ పెట్టి గుడ్డను బయటికి లాగాడు. లాగి, ఒక్క క్షణం చూశాడు. ఆ నాలుగు మడతలు మా ఆస్పత్రిలో నేనొక్కదాన్నే వేస్తాను, అందరికీ తెలుసు. జేబులో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, పైపు చూసుకోవా? నీకు ఇంకేం పని?" అని పెద్ద డాక్టరుగారు అందరి ముందూ కేకలేశారు.

"చెత్త అడ్డం వడ్డది సార్. నేనే చూసుకోవాలె ఉండె" అన్నాడు.

నేను పక్కనే ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ట్రేలో కత్తెరలు సర్దుతూ ఉండిపోయాను. ఉద్యోగం పోతుందన్న భయం, ఇంకేం కాదు. వారం తిరక్కుండా ఆయన్ను బండి మీద నుంచి తీసేసి, స్టోరులో ఫ్యాన్లు బాగుచేసే పనికి వేశారు. సామాను అప్పగించిన రోజు నా దగ్గరికొచ్చి గజం రబ్బరు పైపు చేతిలో పెట్టాడు.

"ఉంచుకో సిస్టరమ్మా. నీళ్ళు ఒకతాన పడొద్దనుకుంటే ఇది తొడిగి దూరం పోనియ్యాలె. మూసుడు అవసరం లేదు."

అంతే అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఎంతో తేలికపడేదాన్ని.

తర్వాత కూడా ప్రతి క్రిస్మస్‌కు కిషన్‌బాగ్ నుంచి సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికొచ్చేవాడు. ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకునేదాన్ని. ఒక ఏడు ధైర్యం చేసి, "అన్నా, ఆ గుడిమల్కాపూర్ సంగతి" అన్నాను. "కేకు మస్తుగైందమ్మా, మా ఇంటామెకు ఇంకో ముక్క కట్టు" అన్నాడు. కేకు కట్టి ఇచ్చాను. మాట తప్పించాడని తెలుసు. తప్పించినందుకు నేను సంతోషించాను. అదే నాకు అన్నిటికన్నా సిగ్గు.

కొత్త మెకానిక్ చేతిలో బండి రెండు వానాకాలాలు కూడా నిలవలేదు. తుప్పుపట్టి ఆస్పత్రి పెరట్లో పడి ఉంది. పెద్ద డాక్టరుగారు రిటైరయ్యారు. కానీ మా ఆస్పత్రి పత్రిక ఆయన ఇంటికి ఇప్పటికీ వెళుతుంది, అందుకే ఇది అందులోనే వేయమని అడిగాను. సార్, ఆ రోజు తప్పు ఆయనది కాదు. గొట్టం మూసింది నేను.

ఆయన్ను కడసారి చూసి కిషన్‌బాగ్ నుంచి తిరిగొస్తుంటే దారిలో డ్రైవరు చెప్పాడు, "రోజు బువ్వ తిన్నంక దవాఖాన పెరట్ల బండి కాడికి పోయెటోడమ్మా. ఎందుకన్నా అంటే, ఊకెనే అనెటోడు." సోమవారం డ్యూటీకి పోతూ బీరువా అడుగు నుంచి ఆ పైపు తీసి సంచిలో వేసుకున్నాను. మధ్యాహ్నం వాన తగ్గాక గొడుగేసుకుని పెరట్లోకి వెళ్ళాను. బండికి అద్దాల్లేవు, చక్రాల్లేవు. వెనకవైపు ఏసీ రేకులు మాత్రం ఒక్కటి వంగకుండా నిలువుగా దువ్వి ఉన్నాయి. ఏసీ పెట్టెలో పడ్డ వాననీళ్ళు గొట్టంలోంచి చుక్క చుక్కగా కారుతున్నాయి. అందులో ఏమీ అడ్డం లేదు.

ఆ చుక్కలు కింద అరుగు మీద పడుతున్నాయి. ఊరి నుంచి వచ్చిన రోగులవాళ్ళు ఆ అరుగు మీదే అన్నం మూటలు విప్పుకుంటున్నారు. వంగలేని నడుముతో వంగి, పైపు తొడిగి, చివరను కాలవ వైపు తిప్పాను. నీళ్ళు గజం దూరం పోయి పడ్డాయి.