మార్ఫిన్ వద్దన్న సారమ్మ

2022లో, వానలు మొదలైన రోజుల్లో, తిరుపతిలోని ఒక ఆసుపత్రి పాలియేటివ్ వార్డులో నాకు డ్యూటీ పడింది. నయం కాని జబ్బుతో వచ్చినవాళ్లకు బాధ తగ్గించడమే అక్కడి వైద్యం. నర్సుగా అప్పటికి కొత్త. మాట తక్కువ మనిషిని. చర్చిలో కూడా గొంతెత్తి ప్రార్థన చేసింది లేదు. ఏదున్నా డైరీలో రాసుకోవడమే.

సత్యవేడు నుంచి సారమ్మను ఆమె కూతురు దీన తీసుకొచ్చింది. క్యాన్సర్ వెన్నెముక దాకా పాకింది. సారమ్మ పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన తెల్లచీర కట్టించుకునేది. ప్రభువు పిలుపు ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉండాలట.

మా వార్డులో పూటపూటకూ పెయిన్ స్కోర్ అడుగుతాం. నొప్పి లేకుంటే సున్నా, ఇక ఓర్చుకోలేకుంటే పది. దాన్ని బట్టే డాక్టరు నొప్పిమందు మార్ఫిన్ మోతాదు మారుస్తారు. సారమ్మ ఎప్పుడడిగినా "రెండు" అనేది. అంటున్నప్పుడే ఆమె కాలివేళ్లు దుప్పటి కింద ముడుచుకుపోయేవి.

"నిజం చెప్పండమ్మా," అన్నాను ఒకరోజు.

"సెప్తే సూదేస్తావు. మత్తులో పడిపోతా. మా ఆయన తాగిన మైకంలోనే పోయినాడు పాపా, నోట్లో ఒక్క ప్రార్థన లేకుండా. నేనట్ల పోను. తెలివితో, ప్రార్థన సేసుకుంటా పోవల్ల."

దీనకు ఒళ్లు మండింది. "కునుకు తీస్తే ఫెయిల్ సేసేదానికి దేవుడేమన్నా పరీక్ష పెడతా ఉండాడా మా? నువ్వు పండ్లు కొరుకుతా ఉంటే సూడలేక నేను సస్తా ఉండా!"

"నోరు మూసుకో మే. నీకేం తెలుసు!"

సరిపడా మందుతో తెలివి పూర్తిగా పోదని నచ్చజెప్పాను. నమ్మలేదు.

కొద్ది రోజులకు, ఒక మధ్యాహ్నం, నొప్పి ఒక్కసారిగా ముదిరింది. సారమ్మ బైబిల్‌ను గుండెలకు హత్తుకుని, చిన్నప్పటి నుంచి రోజూ చెప్పుకున్న ప్రభువు ప్రార్థన మొదలుపెట్టింది. "పరలోకమందున్న మా తండ్రీ" అని ఆగిపోయింది. మళ్లీ "తండ్రీ" అంది. తర్వాతి మాట రాలేదు. అప్పుడు ఆమె కళ్లలో కనిపించిన భయం నొప్పిది కాదు.

"మాటలు రాలేదు పాపా. యాడికి పోయినాయి?" నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పది. పది రాసుకో. సూదెయ్. ప్రార్థన నువ్వు సెప్పు, నేను ఇంటా ఉంటా."

డాక్టరు వచ్చి చూసి మోతాదు పెంచారు. ఇంజెక్షన్ ఇచ్చి, వార్డంతా చూస్తుండగా ప్రార్థన మొదలుపెట్టాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు. సగంలో ఆమె పిడికిలి వదులైంది. ఆపకుండా చివరిదాకా చెప్పాను.

ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు. మర్నాడు పొద్దున, తల దువ్వకముందే పోయింది.

"మాయమ్మ కడదాకా ఇనిందా సిస్టర్?" అని అడిగింది దీన.

తెలియదన్నాను.

"ఇనిందని అబద్ధమన్నా సెప్పకూడదా?"



అప్పటినుంచి స్కోర్ అడిగాక రోగి కాలివేళ్లు కూడా చూస్తాను. ఉద్యోగంలో నేర్చుకున్నది అంతే. మిగిలింది పాఠమో భయమో తేల్చుకోలేకపోతున్నాను. ఒక్క ఘడియ కోసం జీవితమంతా సిద్ధపడిన మనిషి దగ్గర, తీరా ఆ ఘడియ వచ్చేసరికి 'తండ్రీ' దాటి ఒక్క మాట కూడా మిగల్లేదు. ఆమెకే అలా అయితే నా సిద్ధపాటు ఏపాటిది? ఇప్పుడు డ్యూటీకి ముందు ఆ ప్రార్థన పైకే చెప్పుకుంటున్నాను, ఎవరైనా అడిగితే తడుముకోకూడదని. నా వంతు వచ్చిన రోజు నాకే మాటలు రాకపోతే, పక్కన చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటారో, లేదో.