పన్నెండు వైర్లు, నల్ల ఉన్ని

ఆ రోజుల్లో నాకు పాపాలన్నీ పక్కింట్లోనే కనిపించేవి. ఇరవై ఏళ్లు నిండలేదు. వాక్యం కంఠతా వచ్చు, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఉపవాస ప్రార్థనలో అందరికంటే ఆఖరున కళ్లు తెరిచేదాన్ని (ముందుగా తెరిచేది ఎవరో చూడటానికి మధ్యలో ఒక్కసారి కొద్దిగా తెరిచేదాన్ని, అది వేరే సంగతి). అసూయ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, అది నల్ల ఉన్ని రూపంలో వచ్చి నా ముందు కూర్చుంటుందని ఎవరూ చెప్పలేదు.

వికారాబాదులో మా గుడికి కరెంటు వచ్చిన కొత్త. అంతవరకూ క్రిస్మస్ నాటకం రెండు పెట్రోమాక్సుల వెలుగులో జరిగేది. దేవదూత వచ్చినా దుష్టుడైన రాజు వచ్చినా ఒకటే వెలుగు. ఆ ఏడు తాండూరు సంఘంవారు నాటకాన్ని తమ ఊళ్లో వేయమని పిలిచేసరికి, మా పాస్టరు అయ్యగారికి పన్నెండు దీపాలు పెట్టాలనిపించింది. స్టేషన్లో కరెంటు పనిచేసే పెద్దాయన, మేమంతా రైల్వే మామ అనేవాళ్లం, ఒక చెక్కకు స్విచ్చులు బిగించి తెచ్చాడు. చిక్కంతా వైర్లతోనే. పన్నెండూ ఒకే నలుపు, ఒకే లావు. చుట్టి రైల్లో వేసుకుపోయి మళ్లీ విప్పితే ఏది ఏ దీపానిదో కట్టినవాడికే తెలియదు. అందుకని ప్రతి వైరుకూ రెండు చివర్లా చీటీ కట్టి, అన్నిటికీ ఒక పట్టిక రాసే సేవ నాకు అప్పగించారు. 'నక్షత్రము', 'దూత', 'పశువుల పాక', 'రాజు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. పట్టికకు ఎర్రసిరాతో గడులు గీశాను: దీపం పేరు, స్విచ్చు అంకె, వైరు పొడవు, వెలిగే వేళ, ఆరే వేళ. ఇంకో గడి ఎక్కువగా గీసేసి, అందులో రాయడానికి ఏమీ లేక 'స్తోత్రము' అని పన్నెండుసార్లు రాశాను. అయ్యగారు దాన్ని ఎత్తి సంఘమంతటికీ చూపించారు. ఆ ఆదివారం ప్రసంగం దేని మీదో నాకిప్పటికీ గుర్తు లేదు.

అప్పుడు వచ్చింది ఆ పిల్ల. తాండూరు అవతల గొర్రెలు కాసుకునే ఇంటిది, కొత్తగా విశ్వాసంలోకి వచ్చి, మా ఊరి ఆసుపత్రిలో ఆయా పనికి కుదిరింది. అక్షరం ముక్క రాదు. వైర్లు మోయడానికి సాయం వచ్చి, రెండు రోజులు చూసి, మూడో రోజు కొంగున కట్టుకొచ్చిన ఉన్ని తీసింది. నల్ల ఉన్నితో ఒక ముడి నుంచి ఆరు ముడుల దాకా, తెల్ల ఉన్నితో మళ్లీ ఆరు దాకా వేసి, పన్నెండు వైర్లకూ రెండు చివర్లా కట్టేసింది. మందలో ఎవరి గొర్రె ఎవరిదో వాళ్లు అట్లాగే గుర్తు పెట్టుకుంటారట. రైల్వే మామ కళ్లు మూసుకుని వేలితో తడిమి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నీ కాయితం మంచిగనే ఉన్నది బిడ్డా. కాని నాటకం నడిచేటప్పుడు పరదా ఎనక చీకట్ల నేనేం సదువుత? గీ పోరిది జూడు, ఏలు పెడితే ఎరుకైతది. తాండూరుల నా పక్కన గీమెనే కూసోనియ్యి."

ఆ పక్క చోటు నాది. దాని కోసమే నేను ఆ నెలంతా బతికాను. ఇంటికి వెళ్లి మోకరించి, "ప్రభువా, ఆ పిల్లకు ఇంతకంటే గొప్ప సేవ దయచేయుము, వీలైనంత దూరంలో" అని ప్రార్థించాను. ఆ ఆదివారం పిల్లలకు చెప్పవలసిన పాఠం, తమ్ముడి గొర్రెల అర్పణ అంగీకరించబడిందని ముఖం చిన్నబుచ్చుకుని, తమ్ముణ్ణి చంపిన అన్న కథ. అరగంట చెప్పాను. అంతా అన్నగారి వైపు నుంచే. ఆయన కష్టపడి పండించాడనీ, పాపం ఆయనకూ మనసుంటుందనీ చెబుతుంటే ముందు వరసలో ఒక పాప ఏడ్చింది. సాయంత్రం అయ్యగారు నన్ను ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు.

తాండూరులో గుడి ముందు పరిచిన నాపరాళ్ల మీద వేదిక వేశారు. సాయంత్రం వైర్లన్నీ దీపాలకు కట్టి, రెండో చివరలు స్విచ్చుల చెక్క దగ్గర పడేసి, మామ టీ తాగడానికి వెళ్లాడు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. కత్తెర నా చేతిలోనే ఉంది. చెక్క దగ్గరి ఉన్ని ముడులు పన్నెండూ కత్తిరించి నా బైబిలు సంచిలో దాచాను. దాచడానికి ఇంకో సంచి దొరకలేదా అని ఇప్పటికీ అనుకుంటాను. గాలికి ఊడకుండా నా చీటీలను జొన్నపిండి గంజితో దిట్టంగా అంటించి, పట్టిక పక్కన పెట్టి, చీర మార్చుకోవడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి పొద్దు గుంకింది. కాపరుల సన్నివేశానికి తెచ్చిన ఐదు గొర్రెలు తాడు తెంపుకుని చెక్క చుట్టూ చేరి, ఎంతో శాంతంగా నములుతున్నాయి. ఒకదాని మూతికి 'దూత' ఇంకా వేలాడుతోంది. పట్టికలో మిగిలింది నేను ఎక్కువగా గీసిన ఆ ఒక్క గడి. పన్నెండు స్తోత్రాలు.

ముందు జనం నిండుగా కూర్చున్నారు. ఏదో ఒక వరసలో బిగించి వెలిగించి చూద్దామంటే మామ ఒప్పుకోలేదు. "నక్షత్రం పరదా మీదికెళ్లి కనవడ్తది. జనం ముంగట ముందే పుట్టియ్యాల్నా?" అని, "ఉన్ని ఏమైంది?" అని అడిగాడు. నేను గొర్రెల వైపు చూశాను. ఆ అబద్ధం నోటితో చెప్పలేదని అప్పుడు ఎంతో తృప్తి పడ్డాను.

ఆ పిల్ల వచ్చి గొర్రెలను పక్కకు తోలి, తెగిన ఉన్ని పీచు ఒకటి వైరు మీద నుంచి తీసి చూసింది. అది నమిలిన అంచు కాదు, కత్తెర అంచు. నా దగ్గరకు వచ్చి, బైబిలు సంచి మూతిన వేలాడుతున్న నల్ల పోగు చూసి, మెల్లగా అంది.

"ఉన్ని నీ సంచిలనే ఉన్నది గద అక్కా. తియ్యి. బత్తీల కాడ ముడులు అట్లనే ఉన్నయి. నేను ఆడికెళ్లి గుంజుత, నీ చేతుల ఏది కదిలితే దానికి నువ్వే కట్టు. ఫికర్ జెయ్యకు."

నేను పన్నెండు వైర్లనూ పిడికిట పట్టుకుని కూర్చున్నాను. అవతల నుంచి ఆమె "నల్లయి మూడు" అనేది, నా అరచేతిలో ఒక వైరు చేపలా కదిలేది. బైబిలు సంచిలోంచి మూడు ముడుల నల్ల ఉన్ని తీసి కట్టేదాన్ని. పన్నెండోది కట్టేసరికి నా కళ్లలో నీళ్లు. మామ పెట్రోమాక్సు పొగ అనుకున్నాడు.

నాటకం బాగా జరిగింది. నక్షత్రం వేళకు పుట్టింది. ఆమె మామ పక్కన కూర్చుని ముడులు తడుముతూ ఏది ఏ దీపానిదో చెప్పింది, నేను గొర్రెలను పట్టుకున్నాను (వాటికి నా చీర కూడా నచ్చింది). చివర అయ్యగారు వేదికెక్కి, ఇంత చక్కగా చీటీలు రాసిన మా అమ్మాయిని దేవుడు దీవించును గాక అని నన్ను లేచి నిలబడమన్నారు. నెలంతా కోరుకున్నది అదే. లేచాను. ఆ పిల్ల పరదా సందులోంచి చూస్తోంది. పెద్ద ఒప్పుకోలే చెయ్యాలనుకున్నాను గానీ, "ఉన్ని ఆమెది, నేను కత్తిరించాను" అని మాత్రమే వచ్చింది.

ప్రభువనే గొర్రెపిల్లను గురించి ఏదో లోతైన సాక్ష్యం అనుకుని సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అంది.

పరదా వెనక ఆమె ఒక్కతే పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఎన్నో కూటాల్లో ఎన్నో సాక్ష్యాలు చెప్పాను, బాగా సిద్ధపడి, గంటల తరబడి. అంత చిన్న సాక్ష్యానికి వచ్చినంత పెద్ద ఆమేన్ మళ్లీ రాలేదు. అంత హాయిగా నవ్వడం కూడా నాకు రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ నవ్వును తలచుకుని ఇప్పటికీ కొద్దిగా కుళ్లుకుంటాను.