మామిడిపెట్టె మీది అక్క

పోయిన నెల ఒక గురువారం పొద్దున నేను స్టూడియో షట్టరు ఎత్తుతుంటే ఎదురింటి బావ రోడ్డు దాటి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. వచ్చినవాడు నిలబడే మాట్లాడి వెళ్లిపోతాడు గానీ కూర్చునే మనిషి కాదు. "మీ అక్క పొయిందప్పా. వేలూరి నుంచి కబురొచ్చినాది," అన్నాడు. కామెర్లు ముదిరాయని నాలుగు రోజుల కిందటే వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను షట్టరును సగంలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "కాఫీ తాగినావా బావా?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. చిత్తూరులో మా స్టూడియోకు ఎదురుగా పదిహేనేళ్లు కాపురమున్న మనిషి. వీధంతా అక్క అనేది, నేనూ అక్క అన్నాను. మీలో చాలామందికి ఆమె తెలుసు. తెలుసన్న సంగతి మీకు తెలియదు, అంతే. మా జిల్లా మామిడిపండ్లు పెట్టెల్లో కొన్నవాళ్లయితే, పెట్టె మీద అంటించిన కాగితంలో రెండు చేతులూ చాచి గాలిలో ఎగిరే సర్కసు పిల్ల బొమ్మ చూసే ఉంటారు. ఆ పిల్లే ఈ అక్క. ఆ ఫొటో తీసింది నేను. తీయకూడని చోట తీశాను.

అప్పుడు నాకు పాతికేళ్లు. స్టూడియో పెట్టి ఏడాది. తిరుచానూరులో తాళి కట్టించుకుని వచ్చిన జంటలు, పరీక్ష ఫారానికి మొహం కావలసిన విద్యార్థులు తప్ప నాకు వేరే గిరాకీ లేదు. గొప్ప ఫొటో ఒకటి తీయాలని మాత్రం మహా దుగ్ధగా ఉండేది. ఆ ఎండాకాలం ఊళ్లోకి సర్కసు వచ్చింది. గేటు దగ్గర తెలుగులోనూ అరవంలోనూ పెద్ద బోర్డు పెట్టారు, ఆట జరిగేటప్పుడు ఫొటోలు తీయరాదని. ఆ బోర్డు చదివాకే నాకు ఆశ పుట్టింది. నా బుద్ధి అలాంటిది. కెమెరానూ ఫ్లాషునూ తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టి, పైన శెనక్కాయల పొట్లం ఉంచుకుని మ్యాట్నీకి లోపలికి పోయాను.

ఉయ్యాలలాటకు ముందు మైకులో మళ్లీ చెప్పారు, ఎవరూ ఫ్లాషు వేయవద్దని. డేరా కప్పు కింద ఒకడు ఉయ్యాలకు మోకాళ్లు తగిలించుకుని తలకిందులుగా వేలాడుతున్నాడు. వాడి పని పట్టుకోవడం. ఇవతలి ఉయ్యాల వదిలి ఒక పిల్ల గాలిలోకి వచ్చింది. నేను నొక్కాను. డేరా అంతా ఒక్కసారి తెల్లగా మెరిసింది. పిల్ల వాడి చేతులకు అందకుండా కింది వలలోకి వచ్చి పడి, ఎగిరి, అంచున నిలబడి ఎడమచెయ్యి పైకెత్తి సలాం చేసింది. జనం ఈలలు వేశారు. ఉయ్యాల మీది నుంచి దిగే పద్ధతి అదే కాబోలనుకుని నేనూ చప్పట్లు కొట్టాను. గేటు మనుషులు మా వరసకు వచ్చేలోగా డేరా గుడ్డ ఎత్తి బయటపడ్డాను.

ఫొటో దివ్యంగా వచ్చింది. పెద్దది చేసి షోకేసులో పెట్టాను. ఆ వారమే బంగారుపాళ్యం మామిడి వ్యాపారి ఒకాయన కుటుంబంతో ఫొటోకు వచ్చి, దాన్ని చూసి మనసు పడ్డాడు. బుట్టెడు బేనిషా కాయలు నా బల్ల మీద పెట్టి నెగటివు పట్టుకుపోయాడు. నా ఫొటో అచ్చు కాబోతోందని ఊరంతా చెప్పుకున్నాను. కాయలు కూడా తియ్యగా ఉన్నాయి.

మరుసటి ఏడాది ఎదురింట్లోకి కొత్త కోడలు వచ్చింది. ఆ ఇంటి కొడుకు కరెంటు పని చేసేవాడు. సర్కసు మా ఊరు వచ్చినప్పుడు డేరాకు లైట్లు కట్టి, వాళ్లతోనే ఊళ్లు తిరిగి, నగరిలో మగ్గం నేసే వాళ్ల అమ్మాయిని చేసుకుని వచ్చాడని చెప్పుకున్నారు. వచ్చిన మూడో రోజే ఆ అమ్మాయి రోడ్డు దాటి వచ్చి షోకేసు ముందు చాలాసేపు నిలబడింది. ఫొటో తీయించుకుంటుందేమోనని నేను కుర్చీ దులిపాను.

"ఇది తీసిండేది ఎవురు?"

"నేనేనక్కా," అన్నాను మహా గర్వంగా. "ఎగరతా ఉండేటప్పుడు సరిగ్గా పట్టినా."

"ఎగరతా లేదప్పా. పడతా ఉండా."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది. ఆమె మొహం చూశాను, ఫొటో చూశాను. మెరుపుల గౌను, పౌడరు తీసేస్తే ఆ మొహమే. ఆమె కోపంగా లేదు. పిల్లలకు లెక్క విడమరచి చెప్పినట్టు చెప్పింది. "నువ్వు వెలుగు కొట్టినావు. పట్టేటోడికి కండ్లు మూసుకపొయినాయి. చేతులు ముందుకు రాల్యా. నేను వల అంచున పడినా. భుజం కీలు తప్పినాది."

"మరి లేచి సలాం చేస్తిరే?" అన్నాను.

"పడినోళ్లు లెయ్యకుంటే జనం బెదిరిపోతారు. ఏమైనా కానీ, లేసి సెయ్యెత్తాల. ఎనిమిదేండ్లప్పుడు మాకు మొట్టమొదట నేర్పించేది అదే. కుడిసెయ్యి లెయ్యల్యా, ఎడమది ఎత్తినా."

నేను చప్పట్లు కొట్టిన సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

మగ్గం సాగక వాళ్ల నాయన ఎనిమిదో ఏట ఆమెను సర్కసుకు అప్పజెప్పాడు. భుజం పోయాక సర్కసుకూ ఆమె అక్కరలేకపోయింది. లైట్ల మనిషి చేసుకుంటానన్నాడు. "మగ్గం ఇంటి పిల్లనని మా అత్తకు తెల్సు. మగ్గానికీ ఈ ఇంటికీ మద్దెన పద్నాలుగేండ్లు ఉండాయని తెల్దు. తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనీదు. నాకు ఇంగ పొయ్యేదానికి యాడా లేదప్పా. దీన్ని తీసి సింపెయ్యి. దేంట్లోనుంచి ఇంగో కాయితం తీస్తారో, దాన్నీ ఇయ్యి," అంది. నెగటివు నా దగ్గర లేదని చెప్పాను. ఆమె కాసేపు అరచేతులు రుద్దుకుంది. "మా ఇంటాయనతో మాత్రం నువ్వు ఈ మాట ఎత్తొద్దు. ఎదురెదురు ఇండ్లు. దినామూ మొగాలు సూసుకోవాల," అని వెళ్లిపోయింది.

ఆ రోజే షోకేసులోంచి ఫొటో తీసేసి, బస్సెక్కి బంగారుపాళ్యం పోయాను. వ్యాపారి మండీలో పెట్టెల మధ్య కూర్చుని ఉన్నాడు. ఏ పెట్టె మీద చూసినా అక్కే. నెగటివు ఇప్పించమన్నాను. "అచ్చాఫీసోళ్లు యాడ పారేసినారో! బ్లాకు తయారైనాక దాంతో ఏం పనప్పా?" అని నవ్వాడు. "నీ సెయ్యి మంచిది. పిల్ల ఎగరతా ఉంటే సరుకూ ఎగరతా ఉండాది." కాగితాలు ఇంకా కట్టలు కట్టలుగా ఉన్నాయని గోడవారకు చూపించాడు. అంటించవద్దని బతిమాలితే ఎందుకని అడిగాడు. ఎందుకో చెప్తే ఆమె గుట్టు పోతుంది, చెప్పకపోతే నా మాటకు విలువ లేదు. ఊరికే తిరిగి వచ్చాను.

అక్కడి నుంచి మేమిద్దరం ఒక బోనులో పడ్డట్టే అయింది. కాపు మొదలైతే బజారంతా ఆ పెట్టెలు. బస్టాండులో, లారీల మీద, పండ్ల అంగళ్ల ముందు. కాపు ముగిసేదాకా అక్క గడప దాటేది కాదు, వీధివైపు కిటికీ తెరిచేది కాదు. కొత్తకోడలికి ఎండ పడదేమోనని వీధిలో అనుకునేవాళ్లు. ఎండలో పధ్నాలుగేళ్లు ఊరూరా తిరిగిన మనిషి ఆమె. నా బల్ల ముందు కూర్చుంటే మూసిన ఆ కిటికీయే కనిపించేది. బావ పొద్దునా సాయంత్రం నా మెట్ల ముందు నుంచి పోతూ, "ఏమప్పా, బాగుండావా?" అనేవాడు. ఆ పలకరింపులో ఏమైనా ఉందా అని వెతుక్కునేవాణ్ని. ఆ ఫ్లాషు నాదేనని ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు. అడగడానికి లేదు. వేరే వీధికి మారిపోతానని ఒకసారి అక్కతో అన్నాను. "పోతే ఏటికి పోతాండాడని అందురూ అడగతారు. ఊరికే ఉండు," అంది. ఉన్నాను.

కొళాయి దగ్గర బిందె ఎత్తేముందు, సర్కసు ఉయ్యాల అందుకోబోతున్నట్టు, అరచేతులు రుద్దుకుని ఒక్క చప్పట కొట్టేది. ఎడమచేత్తోనే ఎత్తేది. పిల్లలు ఆ చప్పటను అనుకరించి నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. మా అమ్మాయి సైకిలు నేర్చుకుంటానంటే మా ఇంటి వెనక ఇసుకలో రెండు రోజులు ఊరికే పడటం నేర్పించింది. గడ్డం ఎదకు ఆనించి, భుజం మీద దొర్లి లేవాలి. "తొక్కేది ఎవురైనా నేర్పిస్తారు. పడేది నేర్సుకో ముందు," అనేది. తొక్కడం ఎప్పుడొస్తుందని మా అమ్మాయి ఏడుపు. ఆ తర్వాత అది పడ్డ ప్రతిసారీ దులుపుకుని లేచిందే గానీ ఒక్క దెబ్బ తగల్లేదు.

ఫొటోకు మాత్రం ఎన్నడూ నిలబడలేదు. పెండ్లిళ్లలో నేను కెమెరా ఎత్తితే ఏ స్తంభం వెనకనో ఉండేది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, సర్కసులో ఫొటోలు అసలే తీయకూడదా అని. "ఎందుకు తీయగూడదు? ఇంటర్వెల్లులో అడిగితే వరసగా నిలబడి తీయించుకుంటా ఉంటిమే. మేం నిలబడినప్పుడు అడిగి తీసుకోండి. పైనుండేటప్పుడు మా పానమంతా పట్టేటోడి కండ్లలో ఉంటాది. టికెట్టు సూసేదానికి ఇచ్చిరి గానీ ఎత్తుకపొయ్యేదానికి ఇయ్యల్యా కదా," అంది. సర్కసు సంగతి నాతో మాట్లాడిన రెండోసారి అది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకపోవడంతో నాకు తప్పించుకునే దారి లేకుండా పోయింది.

ఒక ఏడాది వాళ్లింటికి చుట్టాలెవరో మామిడిపెట్టె మోసుకొచ్చారు. మూతకు మేకులు గట్టిగా ఉన్నాయని నన్ను పిలిచారు. సుత్తి తీసుకుని లోపలికి పోయేసరికి అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె అత్త పెట్టె ముందు చతికిలబడి, కండ్లు చికిలించి బొమ్మ కాగితం మీదికి వంగింది. పదేళ్లుగా భయపడుతున్న నిమిషం ఇదేననుకున్నాను.

"ఎవురి బిడ్డో పాపం, పడిపోతా ఉండాదే!" అంది అత్త. "పట్టుకునేటోడు యాడ సచ్చినాడు?"

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు. కత్తిపీట తీసుకుని బయటికి వచ్చేటప్పుడు మొహం కడుక్కుని ఉంది. నేను వెళ్లేటప్పుడు గడప దాకా వచ్చి మెల్లగా, "ఇన్నాళ్లకు ఒక మనిసి సరిగ్గా సూసినాదప్పా," అంది. అత్త ఆమె మొహాన్ని గుర్తుపట్టలేదు. సర్కసు జన్మలో చూడని ఆ ముసలామె ఒక్కతే ఆ ఫొటోలో ఉన్నది చూసింది. నేను తీసినవాణ్ని, నాకే కనబడలేదు.

అంత్యక్రియలు అయిన నాలుగో రోజు మధ్యాహ్నం బావ మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"పదకొండో దినానికి పటం కావాల. మా ఇంట్లో దాని ఫొటో ఒక్కటీ లేదు," అన్నాడు.

నేను బల్ల మీది కవర్లు సర్దసాగాను.

"నీ దగ్గర ఒకటి ఉండాది కదప్పా."

పదిహేనేళ్లు ఎదురుచూసిన మాట అంత నెమ్మదిగా వస్తుందనుకోలేదు. నా ట్రంకుపెట్టె తెరిచి, అడుగున ఉన్న పెద్ద ఫొటో తీసి బల్ల మీద పెట్టాను. చించేశానని అక్కతో ఆనాడు అబద్ధం చెప్పాను. చించలేకపోయాను. అంత మంచి ఫొటో మళ్లీ తీయలేనని నాకు తెలుసు. ఆ మాటా బావకు చెప్పేశాను, బోర్డు చదివి కూడా లోపలికి పోయానని చెప్పాను, చప్పట్లు కొట్టానని చెప్పాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది.

"నాకు తెల్సప్పా," అన్నాడు బావ. "ఆపొద్దు నేను పైన స్తంభం మీద లైటు పట్టుకోని ఉంటి. ఏ వరసలో మెరిసినాదో నాకు కనపడకుండా పోతాదా? పెండ్లి చేసుకోని వచ్చినాక ఈ షాపు అద్దంలో ఫొటో సూసి, నిన్ను కొట్టేదానికే చెప్పులేసుకున్యా. అది తలుపుకు అడ్డం నిలబడినాది. 'పడిండేది నేను. నువ్వు ఏటికి లేస్తావు?' అనింది. మళ్లా ఆ మాట మాట్లాడుకోల్యా."

ఇద్దరం ఫొటో వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ చాచిన చేతులు దేనికోసమో అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది. బావ దాన్ని ఎత్తి ఒకసారి దగ్గరగా చూసుకుని నా ముందుకు జరిపాడు. "పడతా ఉండేదానికి పూలదండ ఎట్లేస్తామప్పా? ఇది వద్దు," అన్నాడు. ఆయన ముందే నాలుగు ముక్కలు చేశాను. దళసరి కాగితం, అంత సులభంగా చిరగలేదు.

పదకొండో రోజు పటం లేకుండానే జరిగింది. పీట మీద ఆమె పుట్టినింటి వాళ్లు నేసి తెచ్చిన కొత్త నగరి చీర మడతపెట్టి ఉంచారు, దాని మీద పసుపు, కుంకుమ, గుప్పెడు మల్లెలు. నేను వెనక వరసలో చాప మీద కూర్చున్నాను. చుట్టాల్లో ఒకాయన భుజం తట్టి, "ఏమప్పా స్టూడియో, ఫొటో తీయవా?" అన్నాడు. కెమెరా తేలేదన్నాను. ఆయనకు విచిత్రంగా తోచి ఉంటుంది. ఉక్కగా ఉందని బావ టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టాడు. దాని గాలికి చీర కొంగు లేచిపోతోంది. లేచినప్పుడల్లా, పక్కనే కూర్చున్న అత్త ఏడుపు ఆపకుండానే చెయ్యి చాచి దాన్ని పట్టుకుంటోంది.