లేని ఊరి ముద్ర

కువైట్‌లోని హవల్లీలో నేను వంట చేసిన ఇంట్లో ముసలి నార్వే ఇంజనీరు ఒక్కడే ఉండేవాడు. నేను ఆయన్ని బాబా అనేదాన్ని. పని నుంచి రాగానే తను పుట్టిన చోటు చరిత్ర రాసుకుంటూ కూర్చునేవాడు. నాలుగు కొండలు, ఒక చర్చి, ఒక పడవల రేవు కలిపి ఒక పంచాయతీ. అందులో మనుషులకన్నా మేకలే ఎక్కువట. పైగా ఆ పంచాయతీ ఇప్పుడు లేదు. వాళ్ల సర్కారు ఎప్పుడో దాన్ని పక్క పంచాయతీలో కలిపేసింది.

"లేని ఊరికి చరిత్ర ఎందుకు బాబా?" అని నా వచ్చీరాని అరబ్బీలో అడిగాను.

"ఉంటే వెళ్లి చూసేవాణ్ణి కదా," అన్నాడు.

ఆ పంచాయతీ ఆఖరి మీటింగు గురించి మాత్రం ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అప్పటి ప్రెసిడెంటు ఆయన నాన్నే. ఊరు పోతోందని ఒక్కడూ ఏడవలేదట. మంచు తోసే బండి ఎవరికి దక్కాలని పొద్దుగూకేదాకా కొట్లాడుకున్నారట. రబ్బరు ముద్రను ఎవరూ అడగకపోతే నాన్న జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. అదే కువైట్‌లో బాబా బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉండేది. వారానికోసారి దాని దుమ్ము దులపడం నా ఖర్మ.

అలా ఉండగా ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కొన్నాళ్లకు రేడియోలో, కువైట్ ఇక దేశం కాదు, ఇరాక్‌లో ఒక జిల్లా అన్నారు.

"మమ్మల్ని కలిపేముందు కనీసం కాఫీ ఇచ్చారు," అన్నాడు బాబా.

ఆయనకేం, నవ్వుతాడు. నా వీసా ఇచ్చిన కఫీల్ ఎండలకు తాళలేక కుటుంబంతో విదేశాలకు పోయాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది, ఆ ఇంట్లో సైనికులున్నారు. ఇక్కడ మా ఊళ్లో నా అయిదేళ్ల కూతురు ఉంది. మనవాళ్లతో బస్సులు జోర్డాన్ వైపు కదులుతున్నాయి. వాటిలో పేర్లు రాసుకునే కడప డ్రైవరును బతిమాలాను.

"పాస్‌పోర్టు లేకుంటే దావలో దించేస్తారక్కా. ఏదో ఒగ సీలుండే కాయితం తెచ్చుకో. సీలుంటే సాలు, సదివేదెవురు?" అన్నాడు.

బాబాకు చెప్పాను. ఆయన తన భాషలో నాలుగు వరుసలు రాసి, ఆ ముద్ర గుద్ది, సంతకం పెట్టాడు.

"ఏం రాశావు?"

"మా పంచాయతీ ఇచ్చే మామూలు కాగితమే."

నాకు ఒళ్లు మండింది. నా ప్రాణం మీదికొస్తే ఈయనకు ఆటలు. అయినా తీసుకున్నాను. నువ్వూ రా బాబా అన్నాను. తెల్లవాళ్లు కనబడితే పట్టుకుపోతున్నారు, రోడ్డెక్కడం కుదరదన్నాడు. ఉన్న బియ్యమంతా వండిపెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

చెక్‌పోస్టులో సైనికుడు ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని ముద్రను వేలితో తడిమాడు.

"ఇది ఎవరిచ్చారు?"

"సర్కారు," అన్నాను. ఏ సర్కారో వాడడగలేదు, నేను చెప్పలేదు.

"యల్లా," అని పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

అలా ఊరు చేరాను. యుద్ధం అయిపోయాక వేరే వీసా మీద మళ్లీ కువైట్ వెళ్లాను. హవల్లీ ఇంట్లో వేరేవాళ్లున్నారు. బాబా ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

పని మానేసి శాశ్వతంగా ఊరొచ్చాక తెలిసింది, రేషన్ కార్డులో నా పేరు కొట్టేశారని. మొన్న మళ్లీ రాయించుకుందామని వెళ్లి, మండలాఫీసు వరండాలో కాగితాలు వెతుకుతుంటే బాబా ఇచ్చిన కాగితం బయటపడింది. నా కూతురు ఫోన్‌తో ఫోటో తీసి, తెలుగులోకి మార్చి చదివింది.

'ఈమె మా పంచాయతీ మనిషి. ఎక్కడికి పోయినా, ఎన్నాళ్లకు తిరిగొచ్చినా, ఈమెకు ఇక్కడ ఇల్లుంది.' కింద బాబా సంతకం, దాని కింద 'ప్రెసిడెంటు'.

వరండాలో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఇంతలో నన్ను పిలిచారు.

"నువ్వు ఈ ఊరిదానివేనని సీలుండే కాయితం ఏమన్నా ఉందా మా?" అన్నాడు గుమాస్తా.

కాగితాన్ని కొంగున ముడివేసుకుని, లేదన్నాను.